పన్నుకూ పనికీ ఉన్న లంకె



ఈ సాయంత్రం మాట పన్నుల గురించి. పన్ను అనగానే, "అది షావుకార్ల గొడవ. కూలికి పోయేవాళ్లకి పన్నేంటి?" అని చాలామంది అంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి పెద్ద పుస్తకాలు అక్కర్లేదు. ఇంట్లో సబ్బు బిళ్ల పైకాగితం ఉంటే చాలు.

ఆ కాగితం పారెయ్యకండి. దాని మీద ధర ఉంటుంది. ధర పక్కనే చిన్న అక్షరాలతో "అన్ని పన్నులూ కలిపి" అని అర్థం వచ్చే మాట ఉంటుంది. చాలా సబ్బుల మీద అది ఇంగ్లీషులోనే ఉంటుంది. బడికి పోయే పిల్లల చేత చదివించుకోండి. తెలుగు ఊళ్లలో అమ్మే సబ్బు మీద ఆ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తే వాళ్ల సొమ్మేం పోతుందో!

2017 జూలై నుంచి 2025 సెప్టెంబరు దాకా ఒంటి సబ్బు మీద పన్ను 100 రూపాయలకి 18 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 రూపాయలు అయింది. నాట్లకు పోయే అక్క కొన్నా అంతే. కారులో వచ్చినాయన కొన్నా అంతే. కాబట్టి పన్ను కట్టనివాళ్లు ఎవరూ లేరు. సబ్బు కొన్న ప్రతి మనిషీ కడుతోంది.

ఇది అందరికీ తెలియాల్సిన సంగతే. కాని ఇందులో సగమే ఉంది. మిగతా సగం కంటికి అంతగా కనబడదు. పన్ను కొనేవాళ్ల చేతి మీదే కాదు, తయారు చేసేవాళ్ల చేతి మీద కూడా పడుతుంది. పన్ను ఎక్కడ వేశారు, ఎన్నిసార్లు వేశారు అన్నదాన్ని బట్టి పని ముందుకు పోతుంది, లేదా ఆగిపోతుంది. ఈనాటి ముచ్చట దాని గురించే.

ఒక లెక్క చూద్దాం. రెండు పొదుపు సంఘాలు ఉన్నాయనుకుందాం. రెండు సంఘాల్లోనూ పదేసిమంది. రెండూ గుడ్డ సంచులు కుడుతున్నాయి. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా పని. ఒక సంఘం రోజుకి 100 సంచులు కుడుతోంది. రెండో సంఘం 60 కుడుతోంది. చేతులు అవే, పొద్దూ అదే. మరి తేడా ఎందుకు? ఒకచోట మిషన్లు పాతవి కావచ్చు. కరెంటు సరిగా రాకపోవచ్చు. గుడ్డ వేళకు అందకపోవచ్చు. అదే పనికి, అదే పొద్దుకు ఎంత సరుకు బయటికి వస్తోంది అన్నదాన్నే చదువుకున్నవాళ్లు "ఉత్పాదకత" అంటారు. నోరు తిరగని మాటే గాని సంగతి చిన్నదే. మన కూలీ, మన లాభం రెండూ దాని మీదే ఆధారపడి ఉంటాయి. మిషను, కరెంటు, గుడ్డ గురించి అందరూ మాట్లాడతారు. పన్ను గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

పన్నే వద్దంటే కుదరదు. రోడ్డు, ఆసుపత్రి, బడి, మందులు అన్నీ ఆ డబ్బుతోనే. అయితే మన దేశం లాంటి ఎదుగుతున్న దేశాల్లో ఒక చిక్కు ఉంది. జీతం మీద, లాభం మీద పన్ను కట్టేవాళ్లు తక్కువ. ఎక్కువమంది చిన్న బేరాలు, కూలి పనులు చేసుకునేవాళ్లు. వాళ్ల సంపాదనకు చిట్టా ఆవర్జాలు ఉండవు. ఇంటింటికీ పోయి లెక్క తీయడం ఏ సర్కారుకైనా కష్టం. అందుకని సరుకు మీద పన్ను వేస్తారు. సరుకు దాక్కోలేదు గదా. ఫ్యాక్టరీ గేటు దగ్గరో, లారీలోనో, కొట్లోనో దొరుకుతుంది.

సరుకుల అమ్మకం మీద పన్ను మన ప్రాంతానికి కొత్త కాదు. 1939లో అప్పటి మద్రాసు రాష్ట్రంలో అమ్మకం పన్ను చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసులోనే ఉండేవి. అప్పుడు రాజాజీ ప్రధానిగా ఉన్నారు. మద్య నిషేధం పెడితే సర్కారు రాబడి పడిపోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి ఆ పన్ను ఒక దారి అయింది.

ఈ మాట వినగానే 1992 నెల్లూరు గుర్తొచ్చేవాళ్లు ఉంటారు. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం అక్షరాస్యత కేంద్రాల నుంచే పైకి లేచింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా ఆగింది. 1995లో పూర్తి నిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. అప్పుడు అందరి నోటా ఒకటే మాట: ఖజానాకు రాబడి పోయింది. సారా మీద వచ్చే రాబడి కంటికి కనబడుతుంది. మొగుడు తాగి పడుకుంటే పోయిన పనిరోజులు, ఇంట్లో పోయిన కూలి ఏ ఖజానా లెక్కలోనూ కనబడవు. ఆ రెండో లెక్క తీసింది ఆడవాళ్లే. కాబట్టి పన్నుల లెక్క ఆడవాళ్లకు తెలియదని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు.

ఇప్పుడు గుడ్డ సంచి దగ్గరికి వద్దాం. పాత రోజుల్లో ఏమయ్యేదో చూద్దాం. లెక్క తేలిగ్గా ఉండడానికి పన్ను 100కి 10 అనుకుందాం. గుడ్డ వ్యాపారి 100 రూపాయల గుడ్డ అమ్మాడు. పన్ను 10 కలిపి 110 తీసుకున్నాడు. సంఘం ఆ గుడ్డతో సంచులు కుట్టింది. కుట్టుకూలి, దారం, లాభం కలిపి 90 వేసుకుంది. 110కి 90 కలిపితే 200. దాని మీద పన్ను 20. కొట్టాయనకు 220కి ఇచ్చింది. కొట్టాయన తన ఖర్చు, లాభం 80 వేసుకున్నాడు. 300 అయింది. దాని మీద పన్ను 30. కొనేవాళ్లకు 330కి అమ్మాడు.

మొత్తం పన్ను ఎంత? 10, 20, 30. అంతా కలిపితే 60. మరి అసలు సరుకు విలువ ఎంత? గుడ్డ 100, కుట్టు 90, కొట్టు 80. మొత్తం 270. దాని మీద 100కి 10 చొప్పున అయితే 27 రూపాయలే రావాలి. 60 ఎందుకయింది? మొదట కట్టిన పన్నును కూడా సరుకు ధరలో కలిపేసి, దాని మీద మళ్లీ పన్ను వేశారు. పన్ను మీద పన్ను. వడ్డీ మీద వడ్డీ లాగా.

ఇప్పుడు పట్నంలో ఒక పెద్ద కంపెనీ ఉందనుకుందాం. గుడ్డ తనే నేస్తుంది, సంచి తనే కుడుతుంది, తన కొట్లోనే అమ్ముతుంది. సరుకు చేతులు మారదు. పన్ను ఒక్కసారే. 270కి 27. మొత్తం 297. సంఘం సంచి 330, కంపెనీ సంచి 297. గుడ్డ ఒకటే, కుట్టు ఒకటే. సంఘంలో అక్కలు ఇంకా బాగా కుట్టి ఉండొచ్చు. అయినా 33 రూపాయలు ఎక్కువ. ఓడిపోయింది కుట్టు కాదు. చేతులు మారినందుకు పడిన పన్ను ఓడించింది.

అందుకే పన్ను మీద పన్ను పడే చోట కంపెనీలు అన్నీ తమ చేతిలోనే పెట్టుకోవాలని చూస్తాయి. బయట చిన్నవాళ్లు బాగా చేసే పనిని కూడా వాళ్లకివ్వవు. ఎవరి పని వాళ్లు బాగా చేసుకుంటేనే పని పెరుగుతుంది. కుమ్మరి కుండ చేస్తే, కమ్మరి కర్రు సాగదీస్తే ఊరు నడుస్తుంది. పన్ను అడ్డం వస్తే ఆ పంపకం చెడుతుంది.

అసలు సంగతి ఇంత సాఫీగా ఉండేది కాదు. చాలా సరుకులకు రాష్ట్రంలో ఒకేచోట అమ్మకం పన్ను వేసేవాళ్లు. కాని దానికి ముందు ఫ్యాక్టరీ గేటు దగ్గర కేంద్రం ఎక్సైజు సుంకం వేసేది. రాష్ట్రం దాటితే కేంద్ర అమ్మకం పన్ను ఇంకొకటి. ఒకదానికొకటి సంబంధం లేదు. ఒకచోట కట్టింది ఇంకోచోట మినహాయించేవాళ్లు కాదు. ఎలా చూసినా పన్ను మీద పన్నే.

దీనికి మందు ఏంటి? మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుంటే, వారం చివర కూలి ఇచ్చేటప్పుడు ఆ అడ్వాన్సు పట్టుకుని మిగతాది ఇస్తాడు. పన్ను కూడా అలాగే. ముందువాళ్లు కట్టిన పన్ను పట్టుకుని మిగతాదే కట్టాలి. సంచి లెక్క మళ్లీ చూడండి. గుడ్డ వ్యాపారి 10 కట్టాడు. సంఘం సంచి అసలు ధర 190. పన్ను 19. గుడ్డ మీద కట్టిన 10 తీసేస్తే సర్కారుకు కట్టాల్సింది 9. కొట్లో అసలు ధర 270. పన్ను 27. సంఘం దగ్గర కొన్నప్పుడు ఇచ్చిన 19 తీసేస్తే 8. 10, 9, 8. కలిపితే 27. సంచి ధర 297. ఇప్పుడు సంఘం సంచీ కంపెనీ సంచీ సమానం. ఎవరు బాగా కుడితే వాళ్లే గెలుస్తారు.

ఈ పద్ధతిని ఫ్రాన్సు దేశం 1954లో మొదలుపెట్టింది. మన దేశంలో 1986లో కొన్ని ఫ్యాక్టరీ సరుకుల ఎక్సైజు సుంకంలో కొంత వచ్చింది. మన రాష్ట్రంలో 2005 ఏప్రిల్ 1న వ్యాట్ పేరుతో వచ్చింది. 2017 జూలై 1న దేశమంతటికీ జీఎస్టీ, అంటే వస్తు సేవల పన్ను, వచ్చింది.

జీఎస్టీతో ఒక మంచి తొందరగానే కనబడింది. లారీల సంగతి. అంతకుముందు రాష్ట్రం దాటే చోటల్లా అమ్మకం పన్ను చెక్‌పోస్టులు ఉండేవి. లారీ ఆగాలి. కాగితాలు చూపించాలి. ముందు నలభై లారీలు ఉంటే వాటి వెనక నిలబడాలి. డ్రైవరు, క్లీనరు రోడ్డు పక్కనే వండుకుని తిని అక్కడే పడుకునేవాళ్లు. లోపల మామిడికాయలు ఉంటే మగ్గిపోయేవి, టమాటాలు ఉంటే నీరు కారేవి. లారీ ఆగిన పొద్దుకు కూడా యజమాని కిస్తీ కట్టాలి. ఆ ఖర్చంతా సరుకు మీదే పడేది. ముంబయి ఊళ్లోకి పోవాలంటే ఇంకో సుంకం కూడా ఉండేది. దాన్ని ఆక్ట్రాయ్ అనేవాళ్లు. అది కూడా 2017 జూలైలోనే పోయింది.

చెక్‌పోస్టుల బాధ ఇంకోలా కూడా ఉండేది. రాష్ట్రం దాటి అమ్మితే పన్ను. అదే సరుకును పక్క రాష్ట్రంలో ఉన్న సొంత గోదాముకు తరలించి, అక్కడ అమ్మితే ఆ పన్ను లేదు. అందుకని పెద్ద కంపెనీలు రాష్ట్రానికొక గోదాము కట్టుకునేవి. ఒక పెద్ద గోదాము చాలినచోట పది చిన్నవి. పదిచోట్లా అద్దె, పదిచోట్లా కాపలా. ఎవరికీ పనికొచ్చే ఖర్చు కాదు. ఆ గోదాము స్తోమతు లేని చిన్న సంఘం మాత్రం పన్ను కట్టుకునే అమ్మాలి.

ఆ చెక్‌పోస్టులు ఇప్పుడు లేవు. కాగితం మాత్రం పోలేదు. ఫోనులోకి వెళ్లింది. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రం దాటి పోయే సరుకు విలువ 50 వేల రూపాయలు దాటితే ఈ-వే బిల్లు అనేది ముందే తీసుకోవాలి. అయినా లైనులో రాత్రంతా నిలబడడం కన్నా అది నయం.

ఇప్పుడు ఒక చిక్కు సంగతి. కాస్త నిదానంగా వినండి.

నెలసరికి వాడే ప్యాడ్ల మీద 2017 జూలైలో 100కి 12 చొప్పున జీఎస్టీ వేశారు. దేశమంతా ఆడవాళ్లు అడిగారు. "నెలనెలా వచ్చేది సోకు కాదు గదా, దీని మీద పన్నేంటి?" అన్నారు. ఆ అడగడంలో న్యాయం ఉంది. 2018 జూలై 27 నుంచి ప్యాడ్ల మీద పన్ను పూర్తిగా తీసేశారు. అందరూ సంతోషించారు. ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథే.

కాని ప్యాడ్లు తయారు చేసే చిన్న సంఘాల దగ్గర ఏమయిందో చూడండి. ప్యాడ్ తయారు చెయ్యడానికి చెక్క గుజ్జు కావాలి. జిగురు కావాలి. పల్చటి ప్లాస్టిక్ పొర కావాలి. ప్యాకింగు కవరు కావాలి. వీటి మీద అప్పట్లో కొన్నిటికి 12 శాతం, కొన్నిటికి 18 శాతం పన్ను ఉంది. ప్యాడ్ మీద పన్ను పోయింది గాని వీటి మీద పన్ను పోలేదు.

లెక్క వేద్దాం. ఒక ప్యాకెట్టుకు ముడి సరుకు 20 రూపాయలు. దాని మీద పన్ను 3 రూపాయలు. కూలి, కరెంటు, లాభం 10 రూపాయలు. పాత పద్ధతిలో ప్యాకెట్టు అసలు ధర 30. పన్ను 3 రూపాయల 60 పైసలు. కొన్న అక్క 33 రూపాయల 60 పైసలు ఇచ్చింది. సంఘం ముడి సరుకు మీద కట్టిన 3 రూపాయలు పట్టుకుని సర్కారుకు 60 పైసలే కట్టింది.

ఇప్పుడు ప్యాడ్ మీద పన్ను లేదు. పన్ను లేని సరుకుకు మినహాయింపు కూడా లేదు. అది చట్టంలో ఉన్న సూత్రం. కట్టే పన్నే లేనప్పుడు దేనిలోంచి పట్టుకుంటారు? ముడి సరుకు మీద కట్టిన 3 రూపాయలు సంఘం నెత్తినే పడ్డాయి. పాత లాభం మిగలాలంటే ప్యాకెట్టు 33కి అమ్మాలి. కొనే అక్కకు తగ్గింది 60 పైసలు.

ఇంకో సంగతి ఉంది. విదేశాల నుంచి వచ్చే ప్యాకెట్టు ఉంది. కస్టమ్స్ సుంకంతో సహా అది కూడా 30 రూపాయలకే వచ్చిందనుకుందాం. ఇంతకుముందు దాని మీద కూడా 12 శాతం పడేది. 33 రూపాయల 60 పైసలు అయ్యేది. మన సంఘం ప్యాకెట్టుతో సమానం. ఇప్పుడు దాని మీద ఆ పన్ను పోయింది. 30కే అమ్మొచ్చు. మన సంఘం ప్యాకెట్టు 33. పన్ను తీసెయ్యమని అడిగింది ఆడవాళ్లే, తయారు చేస్తున్నదీ ఆడవాళ్లే. తీసేసిన పన్ను ఒకరికి 60 పైసలు మిగిల్చి, ఇంకొకరిని 3 రూపాయలు వెనక్కి నెట్టింది. 2017లో సర్కారు కూడా ఈ ముడి సరుకుల లెక్క చెప్పింది. అప్పుడు దాన్ని చాలామంది సాకు అనుకున్నారు. లెక్క మాత్రం సాకు కాదు.

మిషను సంగతి ఇంకా బరువు. సంఘం ఒక లక్ష రూపాయలు పెట్టి మంచి మిషను కొనాలనుకుంది. దాని మీద పన్ను 18 శాతం అనుకుంటే 18 వేలు. పన్ను పడే సరుకు తయారు చేసేవాళ్లయితే ఆ 18 వేలు మెల్లమెల్లగా తాము కట్టాల్సిన పన్నులో పట్టుకోవచ్చు. ప్యాడ్ల సంఘం పట్టుకోలేదు. అందుకని పాత మిషనుతోనే సరిపెట్టుకుంటుంది. రోజుకి 60 దగ్గరే ఆగిపోతుంది. పన్నుకూ పనికీ ఉన్న లంకె ఇదే. పన్ను వేసినప్పుడు కనబడుతుంది. పన్ను తీసినప్పుడు దాని వెనక దాక్కున్న పన్ను కనబడదు.

అంటే ప్యాడ్ల మీద పన్ను తియ్యమని అడగడం తప్పా? కాదు. అడిగినప్పుడు గుజ్జు, జిగురు, మిషను గురించి కూడా అడగాల్సింది. ఆ మాట చెప్పడానికి తయారు చేసే అక్కలు ఆ సభల్లో లేరు.

చేనేత వాళ్లకూ ఇలాంటి బాధే. 2017లో నూలు మీద 5 శాతం, బట్ట మీద 5 శాతం వేశారు. జీఎస్టీ నంబరు ఉన్న వ్యాపారి నూలు మీద కట్టింది పట్టుకుంటాడు. నంబరు లేకుండా సొంతంగా మగ్గం వేసుకునే కుటుంబం పట్టుకోలేదు. పన్ను అందరి మీదా ఒకటే. వెనక్కి తెచ్చుకునే దారి మాత్రం అందరికీ లేదు.

పన్ను తక్కువ వేసి చిన్నవాళ్లను కాపాడొచ్చు గదా అంటారు. అదీ చేసి చూశారు. తమిళనాడులో శివకాశి చుట్టుపక్కల అగ్గిపెట్టెల పని చాలా ఏళ్లుగా ఉంది. మిషను మీద చేసే అగ్గిపెట్టెకు ఎక్కువ సుంకం, చేత్తో చేసే అగ్గిపెట్టెకు తక్కువ సుంకం వేసేవాళ్లు. వానలు లేని ఆ నేల మీద వేలాదిమంది ఆడవాళ్లకు అది అన్నం పెట్టింది. ఆ మేలు కాదనలేం. అయితే చేత్తో పుల్లలు పేర్చే పనికి కూలి ఎప్పుడూ తక్కువే. 1980ల్లో అక్కడ చిన్నపిల్లలు పని చేసేవాళ్లు. మిషను తెస్తే సుంకం పెరుగుతుంది కాబట్టి యజమానులు మిషను జోలికి పోలేదు. పని మిగిలింది. పని బరువూ అలాగే మిగిలింది. ఇందులో ఏది మంచి అంటే ఒక్క మాటలో చెప్పడం కష్టం. 2020 ఏప్రిల్ 1 నుంచి రెండు రకాల అగ్గిపెట్టెలకూ ఒకే పన్ను చేశారు.

ఇప్పుడు మన సంఘాలకు నేరుగా తగిలే సంగతి. చిన్న బేరాలకు జీఎస్టీ నంబరు అక్కర్లేదు. 2019 ఏప్రిల్‌లో సరుకులు అమ్మేవాళ్లకు ఈ హద్దును ఏడాదికి 40 లక్షల అమ్మకం దాకా పెంచారు. ఆంధ్రప్రదేశ్ దాన్ని తీసుకుంది. తెలంగాణ 20 లక్షలే ఉంచుకుంది. ఇది లాభం కాదు, అమ్మకం. ఈ తేడా మర్చిపోవద్దు.

నంబరు అక్కర్లేదంటే మంచిదే గదా? సంతలో అమ్ముకునేవాళ్లకు మంచిదే. కాని పట్నంలో పెద్ద కొట్టుకు సంచులు ఇవ్వబోతే అతను అడిగే మొదటి మాట, "జీఎస్టీ నంబరు ఉందా?" నంబరు ఉన్నవాళ్ల దగ్గర కొంటే అతను పన్ను పట్టుకోవచ్చు. నంబరు లేనివాళ్ల దగ్గర కొంటే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. "మీ సంచి బాగానే ఉందమ్మా, కాని లెక్క కుదరదు" అంటాడు. పక్క రాష్ట్రానికి అమ్మాలన్నా మామూలుగా నంబరు తీసుకోక తప్పదు. కొన్ని చేతివృత్తుల సరుకులకు మాత్రం మినహాయింపు ఉంది.

నంబరు తీసుకుంటే ఇంకో బరువు. వేళకు లెక్క పంపాలి. ఆ నెల ఒక్క సంచి అమ్మకపోయినా "సున్న" అని పంపాలి. పంపకపోతే రోజుకింత అని జరిమానా పెరుగుతుంది. లెక్క రాసే ఆయనకు ఫీజు ఇవ్వాలి. పది కోట్ల కంపెనీకి ఆ ఫీజు చిల్లర. పది లక్షల సంఘానికి అది ఒక మనిషి నెల కూలి. అందుకే చాలామంది హద్దు దాటకుండా ఆగిపోతారు. ఆర్డరు వచ్చినా వద్దంటారు. లేకపోతే అక్క పేరున సగం, చెల్లెలి పేరున సగం బేరం చూపిస్తారు. రెండు చిన్న కొట్లు ఒక పెద్ద కొట్టంత సరుకు తియ్యలేవు. పని అక్కడ తగ్గిపోతుంది.

మధ్యలో ఒక దారి పెట్టారు. దాన్ని కాంపొజిషన్ అంటారు. ఏడాదికి కోటిన్నర లోపు అమ్మకం ఉన్న తయారీదారులు, కొట్లవాళ్లు అమ్మకం మీద 1 శాతం కట్టి ఊరుకోవచ్చు. లెక్కల బాధ తక్కువ. కాని కొన్న సరుకు మీద కట్టిన పన్ను పట్టుకోవడానికి లేదు. రాష్ట్రం దాటి అమ్మడానికి లేదు. కొనేవాళ్ల దగ్గర విడిగా పన్ను వసూలు చెయ్యడానికీ లేదు. ఊళ్లో అమ్ముకునే పచ్చళ్ల సంఘానికి ఇది సరిపోవచ్చు. పట్నం కొట్లకు సరుకు పంపే సంచుల సంఘానికి సరిపోదు. ఎవరి బేరం వాళ్లు చూసుకుని తేల్చుకోవాలి. "పక్క సంఘం తీసుకుంది, మేమూ తీసుకుంటాం" అనొద్దు.

చివరికి ఒక పని. వచ్చే వారం కేంద్రానికి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న బిల్లులు రెండు మూడు తెచ్చుకోండి. మందుల కొట్టుది, చెప్పుల కొట్టుది, ఏదైనా సరే. బిల్లు పైన జీఎస్టీ నంబరు ఉందేమో చూడండి. అందులో అంకెలూ అక్షరాలూ కలిపి 15 ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రం గుర్తు. తెలంగాణ అయితే 36. ఆంధ్రప్రదేశ్ అయితే 37. 15 కన్నా తక్కువ ఉంటే అనుమానించండి. కాంపొజిషన్ అని రాసి ఉండి కింద పన్ను విడిగా కలిపితే అడగండి. అలా కలపడానికి వీల్లేదు.

సంఘం తరఫున మిషను కొనేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. సంఘానికి జీఎస్టీ నంబరు ఉంటే, బిల్లు మీద సంఘం పేరు, సంఘం నంబరు ఉండాలి. పట్నం పోయి మిషను తెచ్చేది సాధారణంగా ఎవరో ఒకరి భర్తో, తమ్ముడో. కొట్టాయన "పేరు?" అనగానే తన పేరు చెప్పేస్తాడు. పాపం, తప్పు చేద్దామని కాదు. అలవాటు. ఆ బిల్లుతో సంఘం 18 వేలు పట్టుకోలేదు. బిల్లు ఆయన పేరున ఉంటే అదే రోజు బస్సెక్కి వెనక్కి పంపండి. సంఘం పేరున తిరగ రాయించుకుని తెమ్మనండి.